చంద్రిక చీటీ ఎవరికి వచ్చింది?

చంద్రిక ఆ రోజు కూడా బెంచీ అరలో చెయ్యి పెట్టి మూలమూలా తడిమింది.

ఏమీ లేదు.

"ఈ పొద్దూ రాలేదా?" పక్కన కూర్చున్న శశి అడిగింది. శశికి అప్పటికే రెండు రిబ్బన్లు, ఒక కీచైన్, పొట్లం నిండా వేరుశనగ ఉండలు వచ్చాయి.

"నా చీటీ ఎవరికొచ్చిందో గానీ, మహా పిసినారిది!" అంది చంద్రిక, తెగడానికి సిద్ధంగా ఉన్న బ్యాగు పట్టీని భుజాన ఎగదోసుకుంటూ.

అనంతపురంలోని ఆ సిస్టర్ల బడిలో డిసెంబరు వస్తే ఇదొక ఆట. క్లాసులో అందరి పేర్లూ రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. తలా ఒక చీటీ తీసుకుంటారు. ఎవరి పేరు వస్తే ఆ అమ్మాయికి పండుగ దాకా గుట్టుగా ఏదో ఒక మంచి చేస్తుండాలి. తనెవరో మాత్రం చెప్పకూడదు, ఎవరు అడిగినా సరే. పండుగనాడు కొవ్వొత్తి పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడాలి. ఆమే క్రిస్మస్ ఫ్రెండ్. రోజూ బొట్టు దిద్దుకుని వచ్చే పిల్లలకే ఈ ఆట మీద మోజెక్కువ!

చంద్రికకు మాత్రం ఇది ఆట కాదు.

హాస్టల్లో ఆమెకిదే మొదటి ఏడు. వానల్లేక చేను ఎండిపోతే అమ్మానాన్నా బెంగుళూరుకు కూలికి పోయారు. చూడటానికి ఎవరూ రాక ఆరు నెలలైంది. కంచంలో అన్నం సగం వదిలేస్తోందని సిస్టర్ రోస్లిన్ పిలిచి అడిగింది.

"నేనూ బెంగుళూరికి పోతా సిస్టర్. చదువు నాకొద్దు. ఈడ నాకెవరుండారు?"

"పండుగ దాకా ఉండు. నీ చీటీ ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది కదా! ఆ రోజు కూడా ఎవరూ లేరనిపిస్తే, మీ నాన్నకు నేనే ఫోన్ చేస్తాను."

అప్పట్నుంచి చంద్రికకు ఒకటే ఆరా. నలభైమందినీ అడిగింది. నలభైమందీ నవ్వి తప్పించుకున్నారు.

రెండో పీరియడ్‌కే కొళాయి ఆగిపోయే బడిలో ఆమె సీసా మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండేది. శశి పట్టిందేమో అనుకుంది. చున్నీని చింపే బెంచీ మేకు ఒకరోజు లోపలికి దిగిపోయి ఉంది. వడ్రంగి వచ్చిపోయాడేమో అనుకుంది.

రంగు కాగితం చుట్టింది మాత్రం ఒక్కటీ రాలేదు.

రేపు పండుగనగా, మధ్యాహ్నం అన్నం తిని క్లాసుకు వచ్చిన చంద్రిక గుమ్మంలోనే ఆగిపోయింది.

బెంచీ దగ్గర బయమ్మ గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో చంద్రిక బ్యాగు.

బయమ్మ బడికి కొత్త. ఊడ్చే నారాయణమ్మకు ఆపరేషనైతే, ఆమె బదులు నెలరోజులకని వచ్చింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.

"ఏయ్! నా బ్యాగుతో నీకేం పని?"

బయమ్మ ఉలిక్కిపడి బ్యాగు వదిలేసింది. కేకలు విని సిస్టర్ రోస్లిన్ పరుగున వచ్చింది.

"ఏం తీస్తున్నావు బయమ్మా?"

"ఏం తీయలేదమ్మా."

"మరి ఆ బ్యాగు ఎందుకు పట్టుకున్నావు?"

బయమ్మ నోరు తెరిచింది. చంద్రికను చూసి మళ్ళీ మూసుకుంది. ఎన్నిసార్లు అడిగినా అంతే.

"రేపట్నుంచి రావద్దులే" అంది సిస్టర్.

చంద్రిక పెన్నులూ కంపాస్ బాక్సూ అన్నీ చూసుకుంది. ఏదీ పోలేదు. సమయానికి వచ్చాను కాబట్టి సరిపోయిందనుకుంది. మర్నాడు పుస్తకాలతో పనేముందని బ్యాగును బెంచీ కిందికి తోసేసి వెళ్ళిపోయింది.

పండుగనాడు హాలంతా కాగితపు నక్షత్రాలు. కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలిగాయి. ఒక్కొక్కరి ముందూ ఒక్కొక్కరు వచ్చి నిలబడ్డారు. అరుపులు, కౌగిలింతలు.

చంద్రిక ముందు ఎవరూ లేరు.

"చంద్రిక చీటీ ఎవరిది?" సిస్టర్ గట్టిగా అడిగింది.

వెనకనుంచి గంగాదేవి భయంభయంగా లేచింది. "చీటీలు తీసిన పొద్దు నేను జరమొచ్చి ఇంటికి పోయినా సిస్టర్. నాకు చీటీనే ఇయ్యలేదు."

"డబ్బాలో ఒకటి మిగిలి ఉండాలే మరి!"

"డబ్బాను ఆ పొద్దే కడగను వేసినాం సిస్టర్" అంది శశి.

అయితే తన పేరు నీళ్ళల్లో పోయిందన్నమాట. ఇక బెంగుళూరే. చంద్రిక గుమ్మం వైపు తిరిగింది.

"సిస్టరమ్మా!" గుమ్మం దగ్గర వాచ్‌మన్ కుళ్లాయప్ప. చేతిలో నలిగిన చీటీ. "చంద్రిక అనే పాపకు పండగనాడు ఇయ్యమని బయమ్మ నిన్న సాయంత్రం ఇచ్చి పోయింది."

"బయమ్మ దగ్గరికి ఇదెలా వచ్చింది?"

"డబ్బా కడగతా ఉంటే దొరికిందంట. ఇదేందన్నా అని అడిగితే, పేరు సదివి ఆట సంగతి నేనే చెప్పినా. చీటీ ఎవరి చేతికొస్తే ఆ పాప వాళ్లదే గదా అనింది."

సిస్టర్ ముఖం వాడిపోయింది. "మరి నిన్న నేను అడిగినప్పుడు చెప్పొచ్చు కదా!"

"పండగ దాకా చెప్పగూడదంట గదమ్మా. నాతోనూ ఒట్టేయించుకునింది."

"యాడుండాది ఆమె?" అడిగింది చంద్రిక.

"ఈడ పని పాయ గదమ్మా. పొద్దున్నే బెంగుళూరు బండెక్కింది, కూలికి."

చంద్రిక క్లాసులోకి పరుగెత్తింది. బెంచీ కింద నుంచి బ్యాగు లాగింది.

తెగబోతున్న పట్టీకి సగం దాకా నల్లదారంతో దగ్గరదగ్గరగా కుట్లు పడి ఉన్నాయి, మిగతా సగం దగ్గర బయమ్మ సూది ఇంకా గుచ్చే ఉంది.