ఉప్పు వెన్న

కుండలో అడవి ఆపిల్ ముక్కలు మెత్తబడ్డాయి. లాసర్ తేనెజాడీ అందుకోబోతే, షానన్ నది దాటి అప్పుడే ఇల్లు చేరిన మొగుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. తేనె రాజుల బిడ్డలకేనని చట్టం. దర్వైల్ ఇంక రాజు కూతురు కాదు. ఉప్పు వెన్న వెయ్యి."

"మనల్ని నమ్మి ఆ రాజు పెంచమనిచ్చిన పసిదయ్యా! ఈ ఒక్కపూటకి..."

"కొత్త రాజు మనుషులు వాకిట్లోనే ఉన్నారే."

లాసర్ వెన్న వేసింది. ఉప్పు తెలియకుండా హేజెల్ పప్పులు దంచి కలిపింది.

ఏడేళ్ళ దర్వైల్ ఒక్క ముద్ద తిని ఆగింది.

"తేనె మర్చిపోయావమ్మా."

"అయిపోయిందే తల్లీ."

పిల్ల గూట్లో ఉన్న నిండు జాడీ వైపు చూసింది. ఎప్పుడూ ఉప్పు వెన్నే తినే లాసర్ కూతుళ్ళ వైపు చూసింది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

"ఇదీ బాగుందమ్మా," అంది. "మా నాన్నని ఎవరు చంపారు?"