సగం గుడ్డు

"నోరు మూసుకుని వినవే ఎల్సీ, ఇప్పుడు నా పేరు చెబుతాడు" అంది బెర్తా, రేడియో గొంతు పెంచుతూ.

యుద్ధకాలపు రేషన్ రోజుల్లో బ్లాక్‌పూల్‌లో బెర్తా ఇంట తిండితో సహా అద్దెకున్న హాస్యగాడు లెన్ ఈ సాయంత్రం లండన్ నుంచి రేడియోలో మాట్లాడుతున్నాడు. బెర్తా వారం నుంచీ వీధంతా టముకు వేసింది. ఆ గొప్పలు ఎంతవరకు వెళ్తాయో చూద్దామనే పక్కింటి ఎల్సీ వచ్చింది.

"మా ఇంటావిడ బెర్తా ఆదివారం సగం గుడ్డు పెట్టేది" అన్నాడు లెన్. "మిగతా సగం ఏదమ్మా అంటే, సోమవారం దాకా నువ్వుంటే పెడతాలే అనేది."

రేడియోలో జనం విరగబడి నవ్వారు. ఎల్సీ కూడా పొట్ట పట్టుకుంది.

"పేరు బాగానే చెప్పాడు తల్లీ. నీ పిసినారితనం దేశమంతా తెలిసింది."

బెర్తా చల్లారిన టీ వైపు చూసింది. "వాడి రేషన్ పుస్తకం ముందటి ఊళ్లోనే పారేసుకొచ్చాడు. మనిషికి వారానికి ఒక్క గుడ్డే కదే అప్పుడు, పుస్తకం లేకపోతే అదీ లేదు."

"అయితే?"

"ఆ గుడ్డు నాది. ఆదివారం సగమూ, సోమవారం సగమూ వాడే తిన్నాడు."

ఎల్సీ లేచి రేడియో కట్టెయ్యబోయింది.

"ఉండనీ" అంది బెర్తా. "ఇంకా ఏమేం తిన్నాడో చెప్పనీ వెధవని."