మేనేజరుగారి సొంత క్యూబులు

"మార్చెయ్," అన్నాడు మేనేజరు.

పరీక్షలక్క తల ఎత్తలేదు. ల్యాబ్ మూలనున్న నీళ్ళతొట్టిలో మోచేతులదాకా ముంచి, మూడు కాంక్రీటు క్యూబుల్ని ఒక్కొక్కటిగా పైకి తీస్తోంది. కొత్త ఆస్పత్రి స్తంభాలకి పంపిన కాంక్రీటుకి నమూనాలవి; ఒక్కోటి ఎనిమిది కిలోలు. డ్రైవర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా ఆ కాంక్రీటు ప్లాంటులో అందరూ ఆమెను పరీక్షలక్క అనే అంటారు.

"ఏం మార్చాలి సార్?"

"ఆ మూడింటినీ. ఇంకాసేపట్లో ఆస్పత్రివాళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చేస్తాడు. మిషన్‌లో నొక్కినప్పుడు వీటి బలం ముప్పై దాటకపోతే మనం పోసిన స్తంభాలన్నీ కూలగొట్టమంటాడు. ప్లాంటుకి తాళం. నీకూ నాకూ ఇంటిదారి."

"దాటతాయి సార్."

"ఏడోరోజు పరీక్షలో పదిహేడేగా ఏడ్చింది?"

"బూడిద కలిపిన మిక్స్ సార్. మొదట్లో బద్ధకిస్తుంది. ఇరవై ఎనిమిదో రోజుకి లేచి కూర్చుంటుంది."

"నెల్లాళ్ళు నీళ్ళలో నానబెడితే లేచి కూర్చుంటుందా? మెత్తబడి పడుకుంటుంది!"

"నానితేనే గట్టిపడుతుంది సార్. ఇది బిస్కెట్ కాదు."

మేనేజరుకి ఒళ్ళు మండింది. మూడు నెలల క్రితం దాకా ఆయన బిస్కెట్ కంపెనీలోనే మేనేజరు.

"నా దగ్గర వేరే మూడున్నాయి. నోరు మూసుకుని వాటికి సంతకం పెట్టు."

"దొంగ క్యూబులకి నేను సంతకం పెట్టను సార్."

బయట కారు హారన్ మోగింది. పరీక్షలక్క చేతులు తుడుచుకుని గేటు వైపు వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే మేనేజరు ఇటు తన గదికి పరిగెత్తాడు. రొప్పుతూ, రెండు విడతల్లో మూడు క్యూబులు మోసుకొచ్చాడు. వాటిమీద నంబర్లు ముందే రాసి ఉన్నాయి. అసలువాటిని బల్ల కిందకి తోసి గోనెపట్టా కప్పాడు. తనవాటిని బకెట్లో ఒక్క ముంచు ముంచి బల్లమీద పేర్చాడు. ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

పరీక్షలక్క ఇన్‌స్పెక్టరుని వెంటబెట్టుకొచ్చింది. మొదటి క్యూబు మిషన్‌లోకి ఎక్కింది. ముల్లు మెల్లగా పైకి పాకింది. ఠప్!

"పద్దెనిమిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

రెండోది. "పదిహేడు."

మూడోది. "పదహారు. ఇంకో పదహారు ఉంటే సున్నాకి చేర్చేద్దుం."

పరీక్షలక్క ముల్లు దగ్గరికి వంగి మళ్ళీ చూసింది. తన లెక్క ఇంత తప్పిందా?

ఇన్‌స్పెక్టరు ఎర్ర పెన్ను మూత తీశాడు. "స్తంభాలు కూలగొట్టడమే. ప్లాంటు మూయడమే. ఇక్కడ సంతకం పెట్టమ్మా."

ఆమె పెన్ను అందుకుంది.

"ఆగండి!"

మేనేజరు బల్ల కిందకి దూరాడు. నెత్తి ఠంగుమని తగిలింది. తడి క్యూబుని చంటిపిల్లలా పొట్టకి హత్తుకుని పైకి లేచాడు.

"ఇవండీ అసలువి! అవి నావి! నేనే మార్చాను!"

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు మీంచి ఆయన్ని ఎగాదిగా చూశాడు. అసలువాటిని మిషన్‌లోకి ఎక్కించాడు.

ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది.

"కాంక్రీటు పాసు. మేనేజరు ఫెయిలు. రిపోర్టులో రెండూ రాస్తాను."

పరీక్షలక్క స్టూలు మీద కూలబడి ఊపిరి పీల్చుకుంది. మేనేజరుకి మాత్రం కడుపుమంట ఆగలేదు.

"నా ఉద్యోగం పోతే పోనీండి. కానీ ఇదెక్కడి న్యాయం? నా క్యూబుల్లో రెట్టింపు సిమెంటు వేశాను! నా చేత్తో కలిపి నేనే పోశాను!"

పరీక్షలక్కకీ అదే అర్థంకాలేదు. "ఈ నెల్లాళ్ళూ వాటిని ఎక్కడ పెట్టారు సార్?"

మేనేజరు ఛాతీ విరుచుకున్నాడు.

"నా ఏసీ గదిలో, ఫ్యాన్ కింద! ఒక్క నీటిచుక్క తగలనిచ్చానంటే ఒట్టు!"