షెడ్డు జ్వరం

"దగ్గరికి రాకు. అక్కడే ఆగు," అన్నాడు లోకేష్, గరాజ్‌లో పరుపు పరుచుకుంటూ.

సుధ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏడో నెల. పొట్ట మీద చెయ్యేసుకుని ఖళ్లుమని దగ్గింది. ఆ దగ్గు వినగానే అతని ప్రాణం ఉసూరుమంది.

అయోవాలో ఓ పందుల ఫారంలో లోకేష్‌కి ఉద్యోగం. షెడ్లలో గాలీ వేడీ కొలిచే సెన్సార్లు చూసుకుంటాడు. నిన్న పందులు మేత ముట్టలేదనీ, షెడ్డంతా దగ్గేననీ ఫారం డాక్టరమ్మ లీలావతి ఫోన్ చేసింది. ఇంట్లో అందరూ బాగున్నారా అని కూడా అడిగింది. ఇద్దరికీ జ్వరమని చెప్పక తప్పలేదు. హాస్పిటల్‌కి వెళ్లి టెస్టుకి ముక్కులో పుల్ల పెట్టించుకుని, మాత్రలు తీసుకుని వచ్చారు. మామూలు ఫ్లూ అయితే ఈ మాత్రలతో తగ్గిపోతుందనీ, పందులదైతే మాత్రం బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేమనీ అక్కడివాళ్లు అన్నారు. పందుల శాంపిల్స్‌తో పోల్చి చూడటానికి ఈ రిజల్ట్ లీలావతికి కూడా పంపుతామన్నారు.

తన వల్ల ఏ లోటు జరిగిందో లోకేష్‌కి అంతుబట్టలేదు. షెడ్డులోకి వెళ్లేముందొకసారి, బయటికొచ్చాక ఒకసారి తలస్నానం చేయాలని ఫారం రూలు. ఇంట్లో స్నానం, పూజ అయ్యాకే వెళ్తాడు కనక మొదటిది ఎగ్గొట్టేవాడు. శుభ్రంగా వెళ్లేవాడికి మళ్లీ స్నానం దేనికి? బయటికొచ్చాక మాత్రం ఒళ్లు కందిపోయేలా రుద్దుకునేవాడు. ఇంటికొచ్చి మళ్లీ పసుపు నీళ్లు.

"పోయిన వారం నా ఫ్రెండ్ దేదీప్య వాళ్లింట్లో బర్త్‌డే పార్టీ నుంచే నా గొంతు బాలేదు. ఊరికే పందుల్ని ఆడిపోసుకోకు," అంది సుధ.

"నన్ను ఓదార్చడానికి అబద్ధాలు చెప్పకు."

ఆమె ఇంకేదో అనబోయింది. ఫోన్ మోగింది. లీలావతి. అతను స్పీకర్ ఆన్ చేశాడు.

"రిజల్ట్స్ వచ్చాయి. మీ ఇద్దరిదీ, పందులదీ ఒకటే వైరస్."

సుధ గోడకి జారగిలబడి మెట్టు మీద కూర్చుంది.

"నేనే ఇంటికి మోసుకొచ్చాను డాక్టర్‌గారూ. నా బిడ్డ..."

అటునుంచి నిట్టూర్పు వినిపించింది.

"బిడ్డకి భయం లేదు. కానీ షెడ్డులో పందిపిల్లలు చచ్చిపోతున్నాయి," అందామె. "ఇది మనుషుల ఫ్లూ లోకేష్‌గారూ, మీరే వాటికి అంటించారు."