గీత దాకా

“పొద్దున్నకి ఈ నీళ్ళు వెంట్రుకవాసి దిగినా సరే, నేను ప్లంబర్‌ని పిలుస్తా. ఆ తర్వాత మీరీ ఇంట్లో స్క్రూడ్రైవర్ కూడా ముట్టుకోకూడదు,” అంది నీరజ, బాత్రూమ్ గుమ్మంలో నిలబడి.

“దిగవు,” అన్నాడు చక్రధర్. మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త షవర్ పాన్‌లో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో దాని లోపలి అంచు మీద సరిగ్గా అక్కడ పెన్సిల్‌తో గీత గీశాడు.

చక్రధర్‌కి మేకు కొట్టడం కూడా రాదని రెజైనా అనే ఆ విదేశీ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. నీరజే చెప్పింది. అలాంటివాడు ఆఫీసుకి లీవు పెట్టి, వీడియోలు చూసి, పగిలిన పాత షవర్ పాన్‌ని రంపంతో ముక్కలు కోసి బయట మంచులో పడేశాడు. షవర్ పాన్ అంటే మరేం లేదు, షవర్ కింద నిలబడే ప్లాస్టిక్ పళ్ళెం. దాన్ని నిలబడి స్నానం చేసేవాళ్ళ కోసం తయారుచేశారు. చక్రధర్ తల్లి వైదేహమ్మ మాత్రం అందులో పీట వేసుకుని, బకెట్ పక్కన పెట్టుకుని, చెంబుతో పోసుకుంటుంది. పీట కాళ్ళు నొక్కీ నొక్కీ పళ్ళెం చిట్లింది. నీళ్ళు కింద బేస్‌మెంట్‌లోకి కారాయి.

ఇప్పుడు కొత్త పాన్ వచ్చింది. కింద సిమెంటు మెత్తి, లెవెల్ చూసి, డ్రెయిన్ గొట్టానికి తనే బిగించాడు. గొట్టంలోకి రబ్బరు బిరడా దూర్చి పాన్ నిండా నీళ్ళు పట్టాడు. తెల్లారేదాకా ఆ నీళ్ళు నిలిస్తే గెలిచినట్టు.

ప్లంబర్ వస్తే వచ్చాడు, అదేం పెద్ద నామోషీ కాదు. కానీ ఇన్నేళ్ళుగా చక్రధర్ చేసిందంతా స్క్రీన్ మీదే. ఇదిగో, ఇది నా చేత్తో చేశాను అని చూపించుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే ఆ గీత వంక, పరీక్ష రాసి రిజల్టు కోసం చూసే పిల్లాడిలా చూస్తున్నాడు.

వైదేహమ్మ వచ్చి కొడుకు భుజం మీదుగా తొంగి చూసింది.

“ఒరే చక్రీ, ఈ నీళ్ళు తెల్లారేదాకా ఇలాగే ఉంటాయా?”

“ఉంటాయమ్మా. చెరువులా ఉంటాయి.”

“ఈ ఊళ్ళో చెరువు గడ్డకట్టుకుపోయింది కదరా. రేపు పోలి పాడ్యమి. దీపాలు ఎక్కడ వదలాలో తెలీక…”

“అమ్మా, నీ ఇష్టం, ఏమైనా చేసుకో. ఇందులోంచి మాత్రం ఒక్క చెంబు నీళ్ళు కూడా తియ్యకు. నా పరువంతా ఆ గీత మీదే ఉంది.”

“నీ పరువు నేనెందుకు తీస్తాను నాయనా,” అంది వైదేహమ్మ.

చక్రధర్‌కి కలలో కూడా నీళ్ళే కారాయి. లేచేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఆ ఊళ్ళో చలికాలపు సూర్యుడికి బద్ధకం ఎక్కువ. ఇల్లంతా నెయ్యి కాలిన వాసన. బాత్రూమ్ తలుపు సందులోంచి పచ్చటి వెలుగు వస్తోంది. గబగబా వెళ్ళి తలుపు తోశాడు. తోసినవాడు అక్కడే నిలబడిపోయాడు.

పాన్ నిండా దీపాలు! అరటిదొప్పలు దొరక్క సగానికి వొలిచిన నారింజ తొక్కల్లో నేతి వత్తులు వేసి వదిలింది వైదేహమ్మ. తెల్ల ప్లాస్టిక్ ఎక్కడా కనిపించడం లేదు. నీళ్ళ మీద దీపాలు, నీళ్ళ లోపల మళ్ళీ దీపాలు. ఆవిడ పీట మీద కూర్చుని, ఏదో పాట గొణుక్కుంటూ వేళ్ళతో నీళ్ళని ముందుకు తోస్తోంది. తోసినప్పుడల్లా దీపాలన్నీ ఒక్కసారి కదులుతున్నాయి. వాటితోపాటు గోడలూ కదులుతున్నట్టున్నాయి.

చక్రధర్‌కి ఒళ్ళు ఝల్లుమంది. తను మోసుకొచ్చిన పళ్ళెం. తను కలిపిన సిమెంటు. తను బిగించిన గొట్టం. అందులోకి గోదారి వచ్చి కూర్చుంది! తెలియకుండానే చేతులు జోడించాడు. గీత సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

వంగి చూశాడు. నీళ్ళు గీతకి అంటుకునే ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా దిగలేదు.

“నీరజా!” అని పిలిచాడు.

నీరజ దుప్పటి కప్పుకుని విసుక్కుంటూ వచ్చింది. కాసేపు దీపాల్ని చూసింది. తర్వాత కూర్చుని, ఫోన్ లైటు వేసి మరీ గీతని చూసింది.

“నిజంగా మీరేనా ఇది చేసింది?”

“నేనే.”

“ఏదీ, చేతులు ఇలా ఇవ్వండి.” సిమెంటుకి పగిలిన ఆ వేళ్ళని దీపాల వెలుగులో తిప్పి తిప్పి చూసింది. పెళ్ళయ్యాక మొగుడి చేతుల్ని అంత శ్రద్ధగా చూడటం ఆమెకి అదే మొదలు. “నాదే పొరపాటు. పైన బాత్రూమ్ కూడా మీరే చేసెయ్యండి,” అని అక్కడికక్కడే ఫోన్‌లోంచి ప్లంబర్ నంబర్ తీసేసింది.

బేస్‌మెంట్‌లోకి దిగి ఒకసారి చూద్దామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. అలాంటి వేళ ఎవరికి మాత్రం వస్తుంది?

“చూశావా అమ్మా! నేను చెప్పలేదూ? నీళ్ళు గీత దాకా అలాగే ఉన్నాయి!”

“ఉండక చస్తాయా నాయనా,” అంది వైదేహమ్మ, నడుం పట్టుకుని పీట మీంచి లేస్తూ. “నువ్వు తియ్యొద్దన్నావని నేను చుక్క తియ్యలేదు. లేచి చూద్దును కదా, పళ్ళెంలో అడుగు తడి తప్ప ఏమీ లేదు. నువ్వు గీసిన గీత దాకా చెంబుతో నింపడం, దిగినప్పుడల్లా మళ్ళీ పొయ్యడం, నా నడుం విరిగిందనుకో!”