ఆటుపోట్ల లెక్క

"ఆ బొమ్మ కట్టొద్దు మామా. నాకింకా కొంచెం టైమియ్యండి," అంది కోడలు శ్రీలేఖ.

రామమూర్తి చేతులు ఆగిపోయాయి. వసారాలో పీట మీద కూర్చుని, మోదుగ ఈనెలూ దర్భలూ కలిపి మనిషి ఆకారంలో కడుతున్నాడు. ఆచూకీ లేకుండా పోయినవాడి కోసం పన్నెండేళ్లు చూడాలి. అప్పటికీ రాకపోతే ఇలా బొమ్మ చేసి పెన్న ఒడ్డున దహనం చేయాలి. ప్రొద్దుటూరులో ఎందరి ఇళ్లలోనో కర్మలు చేయించిన పురోహితుడాయన. ఇవాళ కొడుకు భరద్వాజ్ బొమ్మను తన చేత్తోనే కట్టుకుంటున్నాడు.

కొడుకూ కోడలూ ఒకటే చదువు చదివారు. సముద్రపు ఆటుపోట్లను కంప్యూటర్లో లెక్కగట్టడం వాళ్ల పని. తిరుగుతున్న తిరగలి మీద అరచెయ్యి ఆన్చితే దాని వేగం తగ్గుతుంది, ఆటుపోట్ల నీళ్లు సముద్రం అడుగును రాసుకుంటూ పోతుంటే భూమికీ అంతేనని, రోజు రవ్వంత పొడుగవుతుందని భరద్వాజ్ చెప్పేవాడు. "అట్లయితే నా పంచాంగం ఎప్పుడు మార్చాల నాయనా?" అని రామమూర్తి నవ్వేవాడు.

పెళ్లయిన కొత్తలోనే, గుజరాత్ తీరంలో నీటిమట్టం కొలిచే యంత్రం దించబోతుండగా పడవ బోల్తాపడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ వచ్చారు. భరద్వాజ్ రాలేదు. ఆ కబురుకే రామమూర్తి కుప్పకూలితే, ఆస్పత్రిలో ఆయన మంచం విడవకుండా ఉన్నది శ్రీలేఖే.

అప్పటి నుంచి ఆమె ఆనాటి ఆటుపోట్లనే మళ్లీ మళ్లీ లెక్కగడుతోంది. నీళ్లు అతన్ని ఎటు మోసుకుపోయాయో తేల్చాలి. ఎన్నిసార్లు చేసినా కంప్యూటర్ ఒకే ఇసుక ఒడ్డును చూపించేది. ఆ రోజుల్లో అక్కడికి కొట్టుకొచ్చిన శవం ఒక్కటే. అది వేరెవరిదో అని తేలింది. అంటే లెక్కలోనే తప్పుంది. మిగతా తీరాలన్నింటికీ సరిపోయిందని ఆఫీసులో పెద్దలు మెచ్చుకున్నా ఆమె ఒప్పుకోలేదు. ఒక్క మనిషిని చూపించలేని లెక్క భూమి వేగాన్ని ఏం చెబుతుందని, ఆ పనిని బయట పెట్టనే లేదు.

అత్త వేదవతి మాత్రం కోడలి ముందు ఎవరినీ నోరెత్తనివ్వలేదు. ఇంటికొచ్చిన ప్రతిసారీ తన చేత్తోనే ఆమెకు కుంకుమ పెట్టేది. వేదవతి తల్లి పదిహేడేళ్లకే భర్తను పోగొట్టుకుని, బతికినన్నాళ్లూ వంటింటి తలుపు చాటునే ఉండిపోయింది. ఆ తలుపు వేదవతికి ఇప్పటికీ కలలో వస్తుంది. ఒకసారి పేరంటంలో ఎదురింటి నాగమ్మ, ఈ పిల్లకు పసుపెట్ల ఇచ్చేదని గొణిగింది. వేదవతి తాంబూలం పళ్లెం కింద పెట్టేసింది.

"నా కొడుకు పోయినాడని నీకెవరు చెప్పినారు నాగమ్మా? నువ్వేమన్నా పోయి చూసొచ్చినావా?"

మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు శ్రీలేఖ వసారా మెట్టు మీద కూలబడింది. ఉద్యోగం వదిలేస్తానని ఆఫీసులో చెప్పేశానంది. ఇన్నేళ్లూ తప్పుడు లెక్కతో బతికానని, ఇక్కడే ఉండి మొదటి నుంచి చేసుకొస్తానని అంది.

"యాడో తప్పుండాది. అది దొరికేదాకా ఆయన లేడని ఎట్ల ఒప్పుకునేది? మీరైనా చెప్పండత్తా. మీరొద్దంటే మామ ఆగుతాడు."

రామమూర్తి కూడా భార్య వైపు చూశాడు. ఆమె ఏమంటుందో ఆయనకు తెలుసు. అప్పుడే ముడి వదులు చేయబోయాడు కూడా.

వేదవతి వంగి, జారిపడిన ఈనె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కట్టండి."

శ్రీలేఖ నమ్మలేనట్టు చూసింది. "మీరేనా అత్తా ఈ మాట అనేది? వస్తాడు వస్తాడని ఇన్నేండ్లూ చెప్పింది మీరే గదా."

వేదవతి కోడలి పక్కన కూర్చుంది. కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"ఉద్యోగం వదలొద్దు తల్లీ. నీ లెక్క యాడా తప్పలేదు."

"ఎట్ల తప్పలేదు? ఆ ఒడ్డుకొచ్చింది వేరే మనిషి గదా?"

వేదవతి తల వంచుకుంది.

ఆ శవాన్ని చూసి, వేరే మనిషని ఆ రోజు పోలీసులకు చెప్పి వచ్చింది ఆమే.