గుర్తుపట్టినవాడు

ఆసుపత్రిలో పిల్లల వార్డు గేటు దగ్గర ఒక తల్లి ఫోన్ పట్టుకుని నిలబడిపోయింది. ఆమె గుర్తింపు ఉన్నది ఒక కంపెనీ యాప్‌లో, ఆ పొద్దున్నే గేటుకి బిగించిన మెషిన్ ఇంకో కంపెనీది. ఎన్నిసార్లు ఫోన్ చూపించినా గేటు తెరుచుకోలేదు.

రెండు కంపెనీల వాళ్లూ పరిగెత్తుకొచ్చారు.

"మా పద్ధతే జనానికి సుఖమండీ," అన్నాడొకడు.

"జనం సంగతి మీరా చెప్పేది?" అన్నాడు రెండోవాడు.

లోపల బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది.

"మీకు దణ్ణం పెడతాను, ముందు గేటు తియ్యండి," అందామె.

వినే తీరిక వాళ్లకి లేదు పాపం. జనానికి మేలు చెయ్యడంలో తలమునకలుగా ఉన్నారు.

గేటు పక్కన కూర్చున్న వాచ్‌మన్ లేచి తాళం తీశాడు. "పది రోజులుగా చూస్తున్నాగా, ఆ పాప తల్లివి నువ్వే. వెళ్లు తల్లీ."

ఏళ్ల తరబడి ఏ మీటింగులోనూ కుదరని రాజీ ఆ సాయంత్రమే కుదిరింది. రెండు కంపెనీలూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాయి, వాచ్‌మన్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యమని.